పదో వరుసలో కూత

మార్చి 21, 2005. సోమవారం

ఈ నోటుబుక్కులో మొదటి ఆరు పేజీలు ఈయనవి. తాను పనిచేసే కరెంటు షాపులో తీగల కొలతలు రాసుకున్నారు. మిగిలినవన్నీ నావి. దాచి పెట్టనక్కర్లేదు. ఈయన ఇంగ్లీషు, హిందీ చదువుతారు, తెలుగు మాట్లాడడం వరకే. అవ్వకి తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అవతలి దీవిలో మా పుట్టినూరు నౌసోరిలో మా తాత ఆదివారాలు గుడి వరండాలో దిద్దించిన అక్షరాలు ఈ వాయిలేవు ఊళ్ళో, ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. బడి ఆరో క్లాసుతో ఆగిపోయింది గానీ ఇది ఆగలేదు.

ఈయన పేరు నోటితో అనను. ఇక్కడ రాయొచ్చు. సుందర్.

నిన్నటి సంగతి రాయాలి.

రామ భజన మండలి పెద్ద రామ్ నారాయణ బాబాయ్ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు, కంప్యూటర్ పాట వినడానికి. పోయినేడు చెరకు భూమి లీజు అయిపోయి, హార్మోనియం వాయించే సన్యాసి మామ సువా పట్నం వెళ్ళిపోయారు. ఆయనతో పాటే హార్మోనియం పోయింది. పాటలు పూర్తిగా తెలిసినది మా అవ్వ ఒక్కతే. అవ్వంటే ఈయన నాయనమ్మ, పాపమ్మ. జనవరి జలుబుకి ఆవిడ గొంతు పోయింది. నెమ్మదిగా కూనిరాగం తీయగలదు, అంతే. అందుకని ఈయన ఒక ఉపాయం చేశారు. బడిలో పారేస్తున్న కంప్యూటర్ ఇంటికి తెచ్చి, అందులో పాటలు కట్టే ప్రోగ్రాము వేశారు. తెర మీద గీతల మధ్య చుక్కలు పెడితే అది మురళిలా వాయిస్తుంది. పైన పెడితే పై స్వరం, కింద పెడితే కింది స్వరం. అవ్వ కూనిరాగం, ఈయన చుక్కలు. అలా ఐదు పాటలు పెట్టారు. తరవాత షాపులో పని పెరిగి ఆపేశారు.

"విను బాబాయ్, అచ్చం మురళే," అని ఈయన బటన్ నొక్కారు.

ముందు మురళి వచ్చింది. బాగుంది. బాబాయ్ తల ఊపుతున్నారు. అంతలో వెనకనించి డుబ్, డుబ్, ఠక్. ఆ తరవాత చిన్న గంట. డబ్బాలో గింజలు ఆడించినట్టు ఒక చప్పుడు. ఆఖరికి సీటీ. పోలీసువాళ్ళు ఊదే సీటీ. ఒకటి కాదు, వరసగా ఎనిమిది.

బాబాయ్ తాగుతున్న యంగోనా కషాయం చిప్ప కింద పెట్టారు.

"ఈ కౌంచీ బాజే, సుందర్? ఏటీ మోత? రాముడు పుట్టినాడా, పోలీసోడు బస్సు ఆపినాడా?"

వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ నొక్కారు. మళ్ళీ సీటీలు. మూలన చాప మీద అవ్వ కొంగు నోట్లో పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. ఎవరు నవ్వినా ఫరవాలేదు, అవ్వ నవ్వడం నాకు బాధనిపించింది.

"నవమి వచ్చే నెల పద్దెనిమిదిన," అన్నారు బాబాయ్ లేస్తూ. "మద్దేన్నం ఉయ్యాల ఊపే యేళకి నీ డబ్బా సరిగ్గా పలికిందా, అచ్ఛా. లేదంటే హిందీ కేసెట్టు పెట్టేత్తాం. మనకి నలుగుర్లో నవ్వులాట వద్దు బేటా."

వాళ్ళు వెళ్ళాక ఈయన నావైపు తిరిగారు. "నువ్వేమైనా ముట్టుకున్నావా?"

నేను తల అడ్డంగా ఊపాను.

నేను తుడుస్తాను. రోజూ తుడుస్తాను. తుడవడం ముట్టుకోవడం కాదు.

మార్చి 22

వాన. ఈరోజు తుడవలేదు.

మార్చి 23. బుధవారం

రాయడానికి ఇంకెవరూ లేరు కాబట్టి ఇక్కడ రాస్తాను.

ఈయన బస్సెక్కాక, అంట్లయ్యాక, నేను తుడుస్తాను. తుడిచేటప్పుడు అవ్వ పక్కన కూర్చుంటుంది. కూర్చుంటే ఊరుకోదు, ఏదో ఒక పాట కూనిరాగం తీస్తుంది. తీసిన పాట ఎక్కడా నిలవకుండా పోతుందేమోనని నాకు భయం. ఈయన చుక్కలు పెట్టడం ఐదు పాటలు చూశాను. ఏలకుల డబ్బా మూత తీయడంకన్నా కష్టమేమీ కాదు.

ఆరో పాట, ఏడోది, ఎనిమిదోది, తొమ్మిదోది. పోయిన శుక్రవారం పదోది. రాముడి ఉయ్యాల పాట.

ఈయన ఐదు పాటలూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి ఐదు వరుసల్లో పెట్టారు. నేనూ వాటి కిందే పెట్టుకుంటూ పోయాను. మా ఇంట్లో వడ్లబస్తాలు ఒకే కొట్టంలో వరసగా ఉండేవి. రకానికొక గది ఎవరు కడతారు? తెర మీద ఐదు వరుసలే కనిపిస్తాయి. కిందివి కనపడాలంటే పక్కనున్న పట్టీని లాగాలి. ఈయన లాగలేదు. ఒక్కో వరుసకీ ఒక చిన్న బొమ్మ ఉంది, దాన్ని నొక్కితే ఆ వరుస నోరు మూస్తుంది. నావన్నీ నోళ్ళు మూసి ఉంచేదాన్ని.

శుక్రవారం ఈయన తొందరగా వచ్చేశారు. పదో వరుస నోరు మూయలేదు. అసలు అదెలా ఉందో కూడా నేను వినలేదు.

అదీ సంగతి. ఈయన పాటతో పాటు నా పాట మోగింది. ఈరోజు దాని నోరు మూసేశాను. సాయంత్రం ఈయన నొక్కితే ఒట్టి మురళే వచ్చింది. ఇంక గొడవ లేదనుకున్నాను.

ఈయన సంతోషించలేదు. "ఆదివారం రోగం, బుధవారం బాగు. దాక్కున్న రోగం మరీ చెడ్డది శోభనా. నవమి రోజు బయటపడితే? కంప్యూటర్లు బాగుచేసే వేలుకి ఫోన్ చేశాను. వైరస్సే అన్నాడు. మొత్తం తుడిచేసి కొత్తగా వేస్తాడంట. ఏప్రిల్ రెండో తారీకు శనివారం తెమ్మన్నాడు. మనవి ఐదు పాటలే కదా, మళ్ళీ పెట్టుకుంటే సరి."

మొత్తం తుడిచేస్తాడంట. ఆ మాట విని నా చేతిలో రొట్టె మాడింది.

ఐదు కాదు. పది. అవ్వ గొంతు ఆ శుక్రవారానికీ ఇప్పటికీ సగమైంది.

చెప్పాలి. తల అడ్డంగా ఊపాక ఎలా చెప్పడం?

ఇంకో మాట. పదో వరుసలో ఉన్నది అన్నిటిలాంటి పాటే. నేను పెట్టినవీ అన్నిటిలాంటి చుక్కలే. అది మురళిలా ఎందుకు పలకలేదు?

మార్చి 24

మిగతా వాటి నోళ్ళు మూసి పదోది ఒక్కటే విన్నాను.

పాట కింద నడిచినంతసేపు డోలు. పైకెక్కుతుంటే గంట. ఇంకా పైకెళ్తే గింజల డబ్బా. దాని పైన పొట్టి సీటీ. ఉయ్యాల పాటలో ఒకచోట అవ్వ "రామా" అని పై స్వరం పట్టుకుంటే వదలదు. ఎన్ని చుక్కలు పెట్టాలో తెలియక పక్కపక్కనే ఎనిమిది పెట్టాను. అంత పొడుగెందుకని అప్పుడే అడగాల్సింది. అక్కడ ఎనిమిది పొడుగు సీటీలు.

పిచ్చి చప్పుడు అనుకున్నాను గానీ, పిచ్చిదానికి ఒక వరస ఉండదు. ఇది ప్రతిసారీ అదే చోట అదే చప్పుడు చేస్తోంది.

అవ్వ మళ్ళీ నవ్వింది. "ఇంకోపాలి ఎయ్యే గుంటా."

"నవ్వకు అవ్వా. మనం పెట్టిందే పాడైపోయింది."

"పాడేటే? నై జానో, నీకు తెల్దు." ఇంకా ఏదో చెప్పబోయింది, దగ్గొచ్చింది. నీళ్ళిచ్చాను. పడుకుంది.

రేపటినించి నాలుగు రోజులు సెలవు. ఈస్టర్. ఈయన ఇంట్లోనే.

మార్చి 26. శనివారం

ఈయన స్క్రూలు విప్పి పెట్టె తెరిచారు. లోపల చీమలు! ఎర్రచీమలు, తెల్లటి గుడ్లతో సహా. బడిలో ఉన్నప్పటినించీ కాపురం చేస్తున్నాయి.

"చూశావా! ఇవే బాజా వాయించేవి," అని ఈయన నవ్వారు. వారం రోజుల్లో మొదటిసారి నవ్వారు. నేను చీపురుపుల్లతో తీస్తుంటే ఈయన టార్చి పట్టుకున్నారు. ఒకే పెట్టెలో ఇద్దరం తలలు పెట్టాము. ఈయన తలకి కొబ్బరినూనె వాసన.

చీమలే. నేను కాదు.

మార్చి 27

చీమలే అయ్యుంటాయి.

మార్చి 29. మంగళవారం

చీమలు కావు.

ఈయన వెళ్ళగానే పదో వరుస పెట్టాను. డోలు, గంట, గింజలు, సీటీ. ఒక్క చప్పుడూ తగ్గలేదు. పాపం, వాటి గుడ్లు పారేశాము.

చుక్కలన్నీ చెరిపేసి ఉయ్యాల పాట మళ్ళీ మొదటినించీ పెట్టాను. రెండు గంటలు పట్టింది. అదే. స్పీకర్ల తీగలు అటుదిటు మార్చాను. అదే, కాకపోతే సీటీ ఎడమ చెవిలోంచి కుడి చెవిలోకి వెళ్ళినట్టనిపించింది. అనిపించిందేమో.

మధ్యాహ్నం అవ్వకి గంజి పోస్తూ, "ఈ పాట ఏమైనా దోషమున్న పాటా అవ్వా? వాయించకూడదా?" అని అడిగాను.

"మా అమ్మ గిర్మిట్ కూలికొచ్చి లైన్లో ఉన్నప్పుడే పాడింది. దోసం ఉంటే అప్పుడే తగిలుండును," అంది గొంతు పిసుక్కుంటూ.

ఈయన షాపులో పని నేర్చుకునేటప్పుడు వాళ్ళ మేస్త్రీ ఒక మాట అనేవాడట. బల్బు వెలక్కపోతే బల్బు పోయిందా, హోల్డరు పోయిందా తెలియాలంటే, వెలుగుతున్న బల్బు తెచ్చి అదే హోల్డర్లో పెట్టి చూడమని. పెళ్ళయిన కొత్తలో చెప్పారు. నేను ఏమీ మాట్లాడకపోతే ఈయన ఇలాంటివి చెప్పేవారు. నేను విన్నానని కూడా అనుకుని ఉండరు.

మార్చి 30

ఈరోజు పాట లేదు. పదో వరుసలో ఒక్కొక్క చుక్కా పెట్టి విన్నాను. కింద సా చోట డోలు మోత. రి దగ్గర ఇంకో డోలు. గ దగ్గర లావు డోలు. పా దగ్గర గంట. దా దగ్గర గింజలు. ని దగ్గర పొట్టి సీటీ. పై సా దగ్గర పొడుగు సీటీ. ఇంకా పైకి వెళ్తే గరుకు బల్ల మీద పుల్లతో గీకినట్టు, ఆ పైన తలుపు గొళ్ళెం పడినట్టు ఒక లోహం మోత. కిందికి దిగితే చప్పట్లు, పళ్ళేలు.

ఇదంతా వింటూ కూర కింద మంట ఆర్పడం మరిచిపోయాను. పిండి కలపకుండా చేతులు కడిగాను. ఇంత సరదా నాకు నౌసోరిలో కూడా లేదు.

పాడైనది ఇంత పద్ధతిగా ఉంటుందా?

శనివారం ఇంకా మూడు రోజులు.

మార్చి 31. గురువారం

తెలిసింది!

వెలుగుతున్న బల్బు తెచ్చి పెట్టాను. ఉయ్యాల పాటని పక్కకి జరిపి, ఈయన మొదటి పాట, ఏ దోషమూ లేనిది, మొదటి వరుసలోంచి తీసి పదో వరుసలో పెట్టాను. డుబ్, ఠక్, గంట, సీటీ! ఈయన పాట కూడా బస్సు ఆపింది!

అప్పుడు ఉయ్యాల పాట తీసి పదకొండో వరుసలో పెట్టాను. బటన్ నొక్కాను.

మురళి. ఒట్టి మురళి. "రామా" దగ్గర ఎనిమిది చుక్కలూ అతుక్కుని ఒకే ఊపిరిలా సాగింది.

పాటది కాదు, పీటది తప్పు. పన్నెండులో పెట్టాను, మురళి. తొమ్మిదిలో, మురళి. పదిలో ఏది పెట్టినా డోలు. ఎవరు వెళ్ళి కూర్చున్నా ఆ పీట మీద డోలే చేతికిస్తారు.

అవ్వకి చెప్తే వింత పడలేదు. "మండల్లోనూ అంతేగదే. దీపానికి కుడేపు చాప డోలుదే. ఎవుడు కూకున్నా ఆడే వాయించాల. ఓపాలి నా కొడుకు, మీ మావ, తెలీక కూకుని, రాత్రంతా వాయించలేక చచ్చేడు."

నవ్వుకున్నాము. తరవాత నాకు నవ్వు పోయింది. నాకు తెలిసింది సరే. ఈయనకి తెలియదు. ఎల్లుండి వేలు అంతా తుడిచేస్తాడు.

ఏప్రిల్ 1

పొద్దున్న చాయ్ ఇస్తూ చెప్పాలనుకున్నాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను.

అన్నం డబ్బా కడుతుంటే చెప్పాలనుకున్నాను. అవ్వ మందు గుర్తు చేశాను.

సాయంత్రం. అవ్వ గొంతు ఈరోజు అసలు లేదు. పెదాలు కదులుతున్నాయి, గాలి వస్తోంది. రాగం లేదు. అడిగి మళ్ళీ పెట్టుకునే దారి ఇక లేదు.

చెప్పలేదు.

ఏప్రిల్ 2. శనివారం

ఈయన కంప్యూటర్ని మా మంచం దుప్పట్లో మూటకట్టి ఎత్తుకున్నారు. "బస్సు వచ్చే వేళయింది," అని వెళ్ళిపోయారు. నేను వాకిట్లో నిలబడ్డాను. చెరకు పక్కనించి మూట వెళ్ళిపోతోంది. మలుపు తిరిగింది.

పరిగెత్తాను. చెప్పుల్లేవు. వాన పడిన ఎర్రమట్టి, రెండుసార్లు జారాను. బస్సు అప్పటికే ఆగి ఉంది. కిటికీలకి తెర గుడ్డలు పైకి కట్టి ఉన్నాయి, బజారుకి వెళ్ళే ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఈయన ఒక కాలు మెట్టు మీద పెట్టారు.

"ఇదిగో," అన్నాను. వినపడలేదు.

"ఇదిగో! ఆగండి!"

అందరూ చూశారు. ఈయన తిరిగారు. "అవ్వకేమైనా అయ్యిందా?"

"లేదు. అందులో నా పాటలున్నాయి."

"కౌంచీ?"

"నా పాటలు. ఐదు. మీవి ఐదు, నావి ఐదు. నేనే పెట్టాను. ముట్టుకున్నాను. రోజూ ముట్టుకున్నాను. సీటీ నాదే. వైరస్ కాదు. చీమలు కూడా కాదు. పదో పీట డోలుది. దింపండి, తుడిచేయొద్దు, అవ్వకి గొంతు లేదు, మళ్ళీ పెట్టలేము."

ఇంత పొడుగు మాట నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఎవరితోనూ అనలేదు.

డ్రైవరు స్టీరింగు మీద గెడ్డం ఆనించాడు. "భాయ్, ఎక్కుతావా, దులహిన్ మాట వింటావా? మార్కెట్లో ఈళ్ళ బెండకాయలు వాడిపోతున్నాయ్."

ఈయన దిగారు. బస్సు వెళ్ళిపోయింది.

ఇద్దరం ఇంటికి తిరిగాము. మూటకి ఒకవైపు నేను పట్టుకున్నాను. గడప దగ్గర ఆగి, "ఆ రోజు అడిగితే లేదని ఎందుకన్నావ్?" అన్నారు.

"అనలేదు. తల ఊపాను."

"రోజుకి నాతో పది మాటలు మాట్లాడవు. ఈ డబ్బాతో ఇంత మాట్లాడావా?"

కోపంగా అన్నారో, మరోలా అన్నారో తెలియలేదు. ముఖం చూసే ధైర్యం లేదు. తీగలు పెట్టారు. నేను పట్టీ కిందికి లాగి చూపించాను. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక్కొక్కటే వినిపించాను. ఈయన కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నారు. పదో వరుసలో బల్బు తమాషా చేసి చూపించాను. పదకొండులో ఉయ్యాల పాట.

ఈయన పదోదీ పదకొండోదీ మరోసారి నొక్కి విన్నారు. తరవాత ప్రోగ్రాములో ఇంగ్లీషు పాఠం ఏదో తెరిచి, వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. ఒకచోట ఆగారు.

"ఇక్కడుంది. పదో స్థానం తాళవాద్యాలకే కేటాయించబడింది. ఏ స్వరం పెడితే ఏ వాద్యమో పట్టిక కూడా ఇచ్చాడు."

"ఆ పట్టిక నా దగ్గర ఉంది," అని ఈ నోటుబుక్కు తీసి మార్చి 30 పేజీ చూపించాను. ఈయనకి అక్షరాలు తెలియవు. నేను చదువుతుంటే తెర మీద దానితో సరిచూశారు. రెండు తప్ప అన్నీ కలిశాయి. గరుకు బల్ల అనుకున్నది ఎండు సొరకాయ బుర్రంట.

"హోల్డరు మాట ఎవరు చెప్పారు నీకు?"

"మీరే."

ఏప్రిల్ 3. ఆదివారం

బాబాయ్ వచ్చి విన్నారు. మురళి తప్ప ఇంకేమీ లేదు. "అచ్ఛా, పోలీసోడు పోయినాడు," అన్నారు. పది పాటలూ పెట్టమన్నారు. ఇవన్నీ సుందర్ ఎప్పుడు పెట్టాడని అడిగారు. ఈయన నావైపు చూశారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

అందరూ సంతోషమే, అవ్వ తప్ప. ఉయ్యాల పాట అయిపోగానే నన్ను చేత్తో పిలిచి చెవిలో అడిగింది.

"కూత ఏదే?"

"ఏ కూత అవ్వా?"

"అదే. నీ డబ్బా కూసిందిగదా. తీసేసేవేటి?"

"అది తప్పు కూత అవ్వా."

అవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. గాలితో, ఆగుతూ, ఒక్కొక్క మాటే చెప్పింది. నేను చెవి ఆనించి విన్నాను. అది ఇక్కడ రాసి పెట్టాలి.

లైన్లలో, అంటే గిర్మిట్ ఒప్పందం మీద వచ్చిన చెరకు కూలీల వరస గదుల్లో, ఎవరికీ గడియారం లేదు. రాముడు పుట్టేది పట్టపగలు పన్నెండుకి. ఆ వేళ ఎలా తెలుస్తుంది? చక్కెర మిల్లు పన్నెండు కూత కూస్తుంది. అందుకని ఆడవాళ్ళు కొంచెం ముందే ఉయ్యాల పాట ఎత్తుకునేవారు.

"ఉప్పునీటి మీద ఉయ్యాల కట్టితిమి,
ఊగవయ్యా రామా, ఒడ్డు చేరేదాక."

రెండో చరణంలో "రామా" దగ్గరికి వచ్చి ఆ స్వరం పట్టుకుని ఆగేవారు. కూత వచ్చేదాకా వదలరు. ఒకరి ఊపిరి అయిపోతే ఇంకొకరు అందుకుంటారు. కూత వినపడగానే తాడు లాగుతారు. అప్పుడు రాముడు పుట్టినట్టు. తరవాత చేతులకి గడియారాలొచ్చాయి, గుడికి మైకొచ్చింది, కూత ఎవరూ వినడం మానేశారు. స్వరం మాత్రం పొడుగుగా ఉండిపోయింది.

"ఆ ఆదివారం నీ డబ్బా సరీగా ఆడే కూసింది. మా అమ్మ కనపడిందే నాకు," అంది.

అందుకా నవ్వింది! అందుకా కళ్ళు తుడుచుకుంది!

ఎనిమిది చుక్కలు ఎందుకో నాకిప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 9

ఉగాది. మామిడికాయ దొరికింది, వేపపువ్వు లేదు. అవ్వకి పచ్చడి నాలిక మీద రాశాను.

ఏప్రిల్ 15

పదో వరుస ఖాళీగా ఉంది. చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 16

ఒక చుక్క. ఒక్కటే. "రామా" చివర, పై సా.

ఈయనకి చెప్పలేదు. చెప్తే తీసేయమంటారేమో. బాబాయ్ ముందు మళ్ళీ సీటీ అంటే ఒప్పుకోరేమో. చెప్పకపోవడం మళ్ళీ మొదలుపెట్టానని నాకు తెలుసు. రేపు చెప్తాను.

ఏప్రిల్ 18. సోమవారం. నవమి

నిన్న చెప్పలేదు.

గుడి నిండా జనం. లంబాసా టౌనునించి రెండు బస్సులు వచ్చాయి. కంప్యూటర్ని అమ్మవారి పక్కన బల్ల మీద పెట్టి పసుపు బొట్టు పెట్టారు. ఈయన బటన్ దగ్గర, నేను ఆడవాళ్ళలో, అవ్వని ఆనించుకుని. ఉయ్యాల పూలతో కట్టి ఉంది. తాడు బాబాయ్ చేతిలో.

పన్నెండుకి నాలుగు నిమిషాలు ఉందనగా ఉయ్యాల పాట పెట్టారు. మురళి గుడి చూరుదాకా లేచింది. అవ్వ పెదాలు కదులుతున్నాయి. నాకు తొంగి చూడాలనీ ఉంది, పారిపోవాలనీ ఉంది. రెండో చరణం. "రామా" వచ్చింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను.

కూత.

ఒక్కటే పొడుగు కూత.

"అరె!" అన్నారు బాబాయ్. ముందు వరుసలో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఈయన ముఖం తెల్లబడింది. చెయ్యి స్విచ్చి మీదికి వెళ్ళింది.

"ఆపకండి!"

ఎవరిదో గొంతు అనుకున్నాను. నాదే.

"ఆపకండి. అది తప్పు కాదు. అది నేను పెట్టాను."

ఈయన చెయ్యి గాలిలో ఆగింది. మురళి సాగుతోంది.

అప్పుడు చూశాను. నేనెవరికీ ముందుగా చెప్పలేదు. అవ్వ కూడా ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి గొంతేది? అయినా మూలన గోడకి ఆనుకుని కూర్చున్న ముసలమ్మలు నలుగురు లేస్తున్నారు. మోకాళ్ళు పట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని. ద్రౌపది పెద్దమ్మ కర్ర కూడా మరిచిపోయింది. తిన్నగా వచ్చి, బాబాయ్ చేతుల పక్కనే చేతులు పెట్టి తాడు పట్టుకున్నారు.

లాగారు. రాముడు ఊగాడు.

అవ్వని లేపి తీసుకెళ్ళాను. ఆవిడ చేతిలో తాడు కొస పెట్టాను.

బాబాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు. "ఎవరే అరిసింది?"

"సుందర్ ఇంటిది," అంది ద్రౌపది పెద్దమ్మ.

"దానికి గొంతుందా! రెండేళ్ళయింది పెళ్ళయి, నేను మూగది అనుకున్నాను!"

గుడంతా నవ్వింది. ఈసారి నాకు లోపలికి వెళ్ళిపోవడానికి చోటు లేదు, చేతిలో తాడుంది.

ఈయన బల్ల దగ్గరనించే అన్నారు, మైకు ఉందని మరిచిపోయినట్టున్నారు. "పాటలు కూడా దానివే బాబాయ్. సగం."

ఏప్రిల్ 19

పొద్దున్న లేచేసరికి కంప్యూటర్ మీద నిజంగానే దుమ్ముంది. పసుపు, పూరేకులు, మీటల సందుల్లో అక్షింతలు.

ఈయన తుడిచారు. నేను పక్కన కుర్చీ వేసుకుని, కొత్త పాటకి పన్నెండో వరుస తెరిచాను.